ఇంటి ప్రాణులు: ఒంటి చిలుక గ్రుడ్డు పెట్టినప్పుడు

ఈ నెల వచ్చిన జాబులలో ఒకదానికి ముందుగా బదులు చెప్పవలసి యున్నది. తక్కినవి వచ్చు నెల వఱకు ఆగవచ్చును గాని యిది యాగదు.

జాబు వ్రాసిన సోదరి యింట రెండేండ్లుగా ఒక చిన్న చిలుక పెరుగుచున్నది. అది మగదని నమ్మి పిల్లలు దానికి రాజు అని పేరు పెట్టిరి. పంజరములో అది యొక్కటియే యుండును. కొన్ని దినముల క్రిందట తెల్లవాఱి పంజరముపై గుడ్డ తీసి చూడగా అడుగున తెల్లని గ్రుడ్డొకటి కనబడినది. జంట లేని పక్షి గ్రుడ్డు పెట్టుట యింటికి అరిష్టమని అత్తగారు దానిని తీయించి పాఱవేయించిరి. దినము విడిచి మఱియొకటి పెట్టినది. అదియు పాఱవేసిరి. ఇట్లు నాలుగైనవి. పదేండ్ల కుమార్తె మాత్రము గ్రుడ్లను పొదుగనిచ్చి పిల్లలను చేయింతమని యేడ్చుచున్నదట. చిలుక మునుపటివలె పలుకుట లేదు. రెక్కలు వ్రేలవైచి కూర్చుండుచున్నది. "నేను ఎవరి మాట వినవలయును?" అని ఆ సోదరి యడిగి యున్నారు.

అమ్మా, ఇద్దఱి మాటయు వినవలదు. చిలుక మాట వినుడు. ఇక మీదట పెట్టు గ్రుడ్డును పెట్టిన చోటనే యుండనిండు. మీరు తీసిన కొలదియు అది మఱల పెట్టును. పెట్టిన కొలదియు దాని యెముకలలోని సత్తువ కరగిపోవును. ముప్పు గ్రుడ్డునందు లేదు, దానిని తీసివేయుటయందున్నది.

ఆ పక్షి యేదో ముందుగా తెలియుట మంచిది. అది మన రామచిలుక కాదు. రామచిలుకను పంజరమున నుంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునుబట్టి నేరము. మన పెద్దల కాలమున ప్రతి వీధియందును అది యుండెడిది గనుక ఇప్పటికిని పెక్కుమంది దీనిని తెలియక యున్నారు. ఈ సోదరి యింటిది, పక్షుల అంగళ్ళలో లవ్ బర్డ్స్ అని చెప్పి యమ్మునట్టి పచ్చనిదో నీలిదో యైన చిన్న చిలుక. దాని సరియైన పేరు బడ్జరిగార్. లవ్ బర్డ్ అను పేరు నిజమునకు ఆఫ్రికా ఖండపు వేఱొక చిలుకలది. ఇది ఆస్ట్రేలియా నడిమి మెట్టభూములలో గుంపులుగా తిరుగు పక్షి. పక్షి శాస్త్రజ్ఞుడు జాన్ గూల్డ్ 1840లో దీనిని ప్రాణముతో ఇంగ్లండునకు తెచ్చిన తరువాత లోకమంతట ఇండ్లలో నిలిచినది. మన దేశపు అడవిపక్షి కాదు గనుక పెంచుకొనుటకు అభ్యంతరము లేదు. అంతేగాని "పుణ్యము వచ్చును" అని పంజరము తలుపు తెఱచి దీనిని వదలిపెట్టుట మాత్రము పుణ్యము కాదు. మన యూరి కాకులకు ఆహారమగును.

మగది యనుకొన్నది ఆడదగుటలో వింత లేదు. అంగడివారికిని పిల్ల వయసులో తెలియదు. పెరిగిన తరువాత ముక్కు మొదట, రంధ్రముల చుట్టును ఉన్న మెత్తని చర్మపు పట్టీని చూడవలయును. అది నీలముగ నున్న మగది. లేత గోధుమ రంగున నున్న ఆడది. గ్రుడ్లు పెట్టు కాలము వచ్చినప్పుడు ఆడదాని పట్టీ ముదురు గోధుమ రంగునకు తిరిగి గరుకెక్కును. పసుపు పచ్చనివి, తెల్లనివి యైన కొన్ని రకములలో మగదానికి సైతము నీలము రాక గులాబి రంగే నిలుచును గనుక అక్కడ ఈ గుర్తు చెల్లదు. పేరు మార్చవలసిన పని లేదు. ఆ పేరు పిలిచిననే గదా అది తల త్రిప్పుచున్నది!

ఇక అరిష్టము మాట. అత్తగారితో వాదము పెట్టుకొనక ఒక్క మాట అడిగి చూడుడు. బజారున నమ్ము కోడిగ్రుడ్లు ఎక్కడనుండి వచ్చుచున్నవి? కోళ్ళ ఫారములలో వేలకొలది పెట్టలు పుంజు మొగము చూడకయే దినదినము పెట్టుచున్నవి. వాని గ్రుడ్లు తినుటకు పనికివచ్చును గాని పొదిగిన పిల్ల కాదు. చిలుకదియు నదే. ఆడ పక్షి శరీరము తనకు కాలము అనుకూలించినదని తోచినచో గ్రుడ్డును తయారుచేయును. మగపక్షి కలిసిన అందు జీవము చేరును; కలియకున్న ఉత్త గ్రుడ్డుగనే వెలువడును. ఇందు శకునము లేదు, పక్షి తప్పును లేదు.

కాలము అనుకూలించినదని దానికేల తోచును? దాని పుట్టింటిలో వానలు అరుదు. వాన కురిసి గడ్డి మొలిచి గింజ పట్టినప్పుడే పిల్లలకు మేత దొరకును గనుక, మేత సమృద్ధిగా నుండుట, వెలుగు చాలసేపు నిలుచుట, చెట్టు తొఱ్ఱ యొకటి కంటబడుట, ప్రక్కన తోడుండుట, ఈ గుర్తులు కూడిరాగానే గ్రుడ్లకు సిద్ధపడుట ఆ జాతికి అలవడినది. ఇప్పుడు మన యింటిని దాని కన్నులతో చూడుడు. రాత్రి పది దాటు వఱకు విద్యుద్దీపములు వెలుగుచుండును. గింజల గిన్నె యెప్పుడును నిండియే యుండును. ముద్దుగా నుండునని చిన్న మట్టికుండయో కొబ్బరిచిప్పయో పంజరములో వ్రేలాడగట్టుదుము. అది దానికి తొఱ్ఱ. అద్దము పెట్టుదుము, అందలి నీడ దానికి జంట. పిల్లలు వీపు నిమురుదురు. మగపక్షి చేయు లాలనగ అది యెంచును. ఇన్ని పిలుపులు మనమే పిలిచి, అది పలికినప్పుడు వెఱగుపడుచున్నాము.

ఇప్పుడు తీయరాదని చెప్పితినే, దాని కారణము వినుడు. ఈ పక్షి సాధారణముగా దినము విడిచి దినము ఒక్కొక్కటి చొప్పున నాలుగు మొదలు ఆఱు గ్రుడ్లు పెట్టును. క్రింద గ్రుడ్లు చేరి, వాని స్పర్శ కడుపునకు తగిలి, పొదుగుటకు కూర్చున్న తరువాత లోపల గ్రుడ్లు తయారగుట తనంతట ఆగిపోవును. క్రింద ఏమియు లేకున్న ఆ ఆజ్ఞ దానికి అందదు. పాముయో ఉడుమో తిన్నదని యెంచి పోయినదానికి బదులు మఱియొకటి పెట్టును. కోడి యైనచో పెద్ద శరీరము గనుక కొంత తాళును. ఈ చిలుక తూనిక ముప్పది నలుబది గ్రాములు, అనగా పిడికెడు బియ్యమంత. దాని గ్రుడ్డు ఇంచుమించు రెండు గ్రాములు. ఏబది కిలోల తూనికగల స్త్రీ దినము విడిచి దినము మూడేసి కిలోల శిశువును కనుచున్నదని యూహింపుడు. పురుడు పోసుకొన్నవారికి ఇంతకంటె చెప్పనక్కఱలేదు.

కావున అయిదవది వచ్చినచో ముట్టకుడు. ముందు తీసిన వానికి బదులుగా అంతే పరిమాణము గల తెల్లని ఉత్తుత్తి గ్రుడ్లు పక్షుల అంగళ్ళలో దొరకును. అవి మూడు నాలుగు దాని క్రింద చేర్చవచ్చును. అవి దొరకకున్న పగుళ్ళు లేని నున్నని తెల్ల గోళీలైనను పనికివచ్చును. పంజరపు అడుగున తీగెల జల్లెడ యుండిన తీసివేసి, శుభ్రమైన కాగితము మడచి పఱచుడు. మెత్తగా నుండునని గుడ్డ వేయవలదు. నూలుపోగులు గోళ్ళకు చిక్కుకొని కాళ్ళు విఱుగును. గూడుపెట్టె క్రొత్తగా తెచ్చి పెట్టుటయు కూడదు, అది మఱిన్ని గ్రుడ్లకు ఆహ్వానమగును. నీరును గింజలును దగ్గఱగ నుంచి, పంజరమును ఇంటిలో సందడి తక్కువగల తావున నుంచుడు. కూర్చుండి యున్నప్పుడు అది దినమునకు కొలది మాఱులే లేచును. అప్పుడు వేయు రెట్ట పెద్దదిగను దుర్వాసనతోను నుండును. రోగమని బెదరవలదు. ఈ కూర్చుండుట పదునెనిమిది దినములు మొదలు మూడు వారముల వఱకు సాగవచ్చును. పగిలిన గ్రుడ్డు కనబడిన దానిని మాత్రము తీసివేయుడు.

మీ అమ్మాయికి నిజము చెప్పుడు. ఒంటి చిలుక గ్రుడ్డులో పిల్ల లేదు. ఇప్పుడు పరుగున పోయి మగ చిలుకను కొనితెచ్చినను పెట్టిన గ్రుడ్లలోనికి జీవము రాదు. పైగా అలసిన తల్లికి మఱియొక కాన్పు తెచ్చిపెట్టిన వారమగుదుము. ఆమెకు చూపదలచినచో, ఆఱేడు దినములైన తరువాత చిలుక లేచినప్పుడు చీకటిగదిలో గ్రుడ్డు వెనుక చిన్న టార్చి దీపము పట్టి చూడనిండు. జీవమున్న గ్రుడ్డులో ఎఱ్ఱని దారముల వలె నరములు కనబడును. లేనిదానిలో లేత పసుపు వెలుగొక్కటే నిండియుండును. పిల్లలకు ఒకమాఱు కంటితో చూచుట పదిమాఱులు చెప్పుటకంటె మేలు.

జంటగా పెంచువారి సంగతి వేఱు. పిల్లలు వలదనుకొన్నచో పెట్టిన ఒకటి రెండు దినములలోనే గ్రుడ్డును నీట ఉడికించి, పూర్తిగా చల్లార్చి, తడి తుడిచి మఱల దాని క్రిందనే పెట్టవలయును. పక్షికి భేదము తెలియదు. వారము గడచిన తరువాత ఈ పని చేయుట నాకు సమ్మతము కాదు. అప్పటికి లోపల పిండము పెరిగి యుండును. పిల్లలు కావలయునను వారు అయిదాఱు పిల్లలకు ఇండ్లు చూచుకొన్న తరువాతనే ఆ పనికి పూనుకొనవలయును.

ఇక ఆహారము. గ్రుడ్డు పెంకు సున్నముతో అయినది. ఆ సున్నము తినుదానిలో లేనప్పుడు పక్షి తన యెముకలనుండి తీసి యిచ్చును. ఉత్త గింజలలో సున్నము చాల తక్కువ. అంగడివారు గింజలు చాలునని చెప్పుట మన దురదృష్టము. మూలికల దుకాణములలో సముద్రపు నురుగు అని అమ్ముదురు. పేరు నురుగే గాని అది సముద్రములోని యొక జంతువు వీపున నుండు తెల్లని యెముక. మన వైద్యులు తరతరములుగా మందులలో వాడుచున్నది గనుక శాకాహారుల యింటికి రాదగదని యెవరు నాక్షేపింపరు. ఒక ముక్కను పంజరపు తీగెలకు కట్టినచో చిలుక తనకు కావలసినంత గీరుకొని తినును. కోడిగ్రుడ్డు వంటింటికి రాదగిన యిండ్లలో దాని పెంకును పది నిమిషములు ఉడికించి, ఎండబెట్టి, మెత్తగా నూఱి, చిటికెడు గింజలపై చల్లవచ్చును. ఉడికిన కోడిగ్రుడ్డు చిన్న ముక్క యొకటి యీ దినములలో బలము నిచ్చును.

ఆకుకూరలలో మునగాకు శ్రేష్ఠము. కొత్తిమీర, మెంతికూర కూడ మంచివే. పాలకూర చూచుటకు పచ్చగ నున్నను అందలి పులుసు సున్నమును పట్టి యుంచి ఒంటికి అందనీయదు గనుక తఱచు పెట్టవలదు. గింజలలో కొఱ్ఱలు, వరిగలు, సామలు దీనికి ప్రీతి. పరదేశముల వారు ఈ పక్షుల కొఱకు ధర పెట్టి కొను కంకులు మన చేల కొఱ్ఱకంకులే! మెట్టప్రాంతముల బంధువు లుండిన నాలుగు కంకులు పంపుమని వ్రాయుడు.

సున్నము తిన్నంత మాత్రమున ఒంట బట్టదు. దానికి డి విటమిను కావలయును, అది ఎండవలన కలుగును. ఉదయపు లేత ఎండ ఇరువది ముప్పది నిమిషములు నేరుగా పడనిండు. గాజు కిటికీ గుండ వచ్చు ఎండ వెలుగు నిచ్చునే గాని యీ పని చేయదు. పంజరములో సగము నీడ యుండవలయును. పిల్లి కనిపెట్టుకొని యుండును గనుక ఎవరైన దగ్గఱ నుండవలయును.

మన యిండ్లలో బాలింతకు పథ్యమని చెప్పి పొడిమెతుకులతో నెలలు గడపించిన కాలమొకటి యుండెను. ఆ న్యాయమును పక్షికి పట్టించి, గ్రుడ్లు ఆగవలయునని మేత తగ్గించు వారున్నారు. పెట్టుచున్నంత కాలమును మేత తగ్గింపరాదు. తగ్గించుట యెప్పుడో ముందు చెప్పెదను.

ఈ జాబునకు నేను తొందరపడి బదులు వ్రాయుటకు కారణము ఆ సోదరి వ్రాసిన చివరి మాట: చిలుక రెక్కలు వ్రేలవైచి కూర్చుండుచున్నదని. అది ఉత్త అలసట కావచ్చును. గ్రుడ్డు అడ్డుపడుటయు కావచ్చును. సున్నము తఱిగినప్పుడు కండరములకు ముడుచుకొను శక్తి యుండదు. గ్రుడ్డు మార్గములో నిలిచిపోవును. ఇంత చిన్న పక్షికి అది ప్రాణాంతకము. గుర్తు లివి: ఈకలు ఉబ్బించుకొని బంతివలె నుండుట, కొమ్మపై నిలువలేక పంజరపు అడుగున కూర్చుండుట, ఊపిరితో పాటు తోక పైకి క్రిందికి ఆడుట, కాళ్ళు ఎడము చేసి ముక్కుట, కడుపు క్రిందిభాగము ఉబ్బి యుండుట, రెట్ట రాకుండుట. కాలు కుంటినను కాలి వ్యాధి యని మోసపోవలదు, గ్రుడ్డు నరమును నొక్కుట వలన కూడ అట్లగును. వీనిలో రెండు మూడు కలిసి కనబడిన యెడల తెల్లవాఱి చూతమనుకొనరాదు.

వైద్యుని కడకు చేరు లోపల చేయదగినది వెచ్చదనము కల్పించుట. గాలి లోనికి పోవునట్లు రంధ్రములు చేసిన చిన్న అట్టపెట్టెలో కాగితము పఱచి పక్షిని ఉంచి, వేడినీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి ఒక ప్రక్కన నుంచుడు. రెండవ ప్రక్క చల్లగ నుండవలయును, వేడి హెచ్చినచో అది జరుగగలుగును. ఇంచుమించు ముప్పది డిగ్రీల వెచ్చదనము చాలును. మన వేసవిలో ఇంటి గాలియే దానిని మించి యుండును గనుక అప్పుడు సీసా అక్కఱలేదు. ముక్కు తెఱచి రొప్పుచు రెక్కలు దూరముగ పట్టిన, వేడి యెక్కువైనదని తెలియుడు. వెచ్చగ నుండునని వంటింటిలో పెట్టుట మాత్రము కూడదు. నాన్‌స్టిక్ పెనము మాడినప్పుడు వెడలు ఆవిరి, మనకు వాసనయైన తెలియక మునుపే చిలుకలను చంపును.

కడుపు నొక్కరాదు. గ్రుడ్డు కొన కనబడినను పట్టి లాగరాదు. నూనె పోసి జారవిడుతమను వారి సలహా వినరాదు. లోపల గ్రుడ్డు పగిలినచో పెంకు గ్రుచ్చుకొని పక్షి దక్కదు. మనుష్య స్త్రీకి కష్టకాన్పు వచ్చినప్పుడు నేర్పు లేని చేతులు చేసిన కీడును మన పాతతరము వారు ఎఱుగుదురు. వైద్యుడు సున్నము సూదిమందుగ నిచ్చి, అవసరమైన గ్రుడ్డును నేర్పుతో వెలికి తీయును. పశువైద్యశాల యనిన ఆవులకు గేదెలకే యని మనవారు సంకోచింతురు. పక్షులను చూచుటయు వారి చదువులోనిదే. హైదరాబాదు రాజేంద్రనగరమునను, తిరుపతియందును, గన్నవరమునను పశువైద్య కళాశాల లున్నవి; దగ్గఱివారు అక్కడకే కొనిపోవచ్చును. ఎన్ని గ్రుడ్లు పెట్టినది, ఏ దినము పెట్టినది, ఏమి తినుచున్నది కాగితముపై వ్రాసి తీసికొనిపొండు. "ఇంత చిన్న పక్షికి ఆటోబాడుగ యెందుకు?" అని యింట ఎవరైన అన్నచో, దానిని కొన్నది తాము గాని, తమ్ము కొనుమని అది యడుగలేదని చెప్పుడు.

చిలుక కోలుకొని, పొదుగుట చాలించిన తరువాతనే గ్రుడ్లు మఱల రాకుండ చేయు ఏర్పాటులకు పూనుకొనవలయును. అన్నిటికంటె వెలుగు ముఖ్యము. ప్రొద్దు గ్రుంకగానే పంజరముపై దట్టమైన గుడ్డ కప్పి, చీకటి పండ్రెండు మొదలు పదునాలుగు గంటలు ఉండునట్లు చూడుడు. అద్దము, కుండ, చిప్ప తీసివేయుడు. బీరువా క్రిందికి, అలమర మూలలకు దూరనీయకుడు. పిల్లలు తల నిమురవచ్చును, వీపును తోకను ముట్టరాదు. గిన్నె నింపుటకు మాఱు గింజలు దినమునకు రెండు చిన్న చెంచాలు కొలిచి పెట్టి, తక్కిన ఆకలికి ఆకుకూర, తురిమిన క్యారెట్టు ఇండు. ఇన్ని చేసినను ఏటికి మూడు నాలుగు మాఱులు గ్రుడ్లు పెట్టుచుండిన, వైద్యు నడిగినచో గ్రుడ్లను ఆపుటకు హార్మోను మందులు గలవు.

గ్రుడ్లను తీయుట కొక దినము ఎట్లు తెలియునందురా? అదియే చెప్పును. లేచిపోయి ఎక్కువసేపు కొమ్మపై కూర్చుండును. రాత్రి వానిమీద పండుకొనదు. మఱల పలుకుట మొదలిడును. వరుసగ రెండు దినములు అట్లున్న, అది మఱియొక గదిలో ఎగురుచున్న సమయమున అన్నిటిని ఒక్కమాఱే తీసి, కాగితము మార్చి, వేడినీళ్ళతో అడుగు కడిగి ఆరబెట్టుడు. కొమ్మల స్థానము మార్చుడు. పంజరమును మునుపటి మూలనే పెట్టక, కొన్ని వారముల వఱకు ఇంటిలో మఱియొక చోట నుంచుడు.